పాత టీవీ ఇచ్చెయ్యకు

బావా,

బట్టలు సర్ఫులో నానుతున్నాయి. పదింటికి కుళాయి వస్తుంది, అప్పుడు జాడించి ఆరెయ్యి. అట్ల పిండి ఫ్రిజ్‌లో ఉంది.

పదకొండింటికి షాపువాళ్లు కొత్త మానిటర్ తెచ్చి, బదులుగా పాత టీవీ పట్టుకెళ్తారు. టీవీ ఇవ్వకు. ఆ మానిటర్‌లో మీ అన్నయ్య పాత కంప్యూటర్ బొమ్మ రాదు, ఈ టీవీలోనే వస్తుంది. కంప్యూటర్ పుస్తకంలో బొమ్మ పంపే వేగం పదిహేను కిలోహెర్ట్జ్ అని ఉంది. మానిటర్ అట్టపెట్టె మీద ముప్పై నుంచి అని ఉంది. అంతకు తక్కువైతే అది పట్టుకోలేదు. షాపులో మూలనున్న పదిహేడంగుళాలది మాత్రం పదిహేను నుంచీ తీసుకుంటుంది. దాని నంబరు బస్సు టిక్కెట్టు వెనక రాసి ఇక్కడే పెట్టాను.

నిన్న షాపులో ఇదే చెప్పబోయాను. "ఏందక్కా, మీ వైరు పిన్ను దూరింది గదా, బొమ్మ సుత వస్తది, పరేషాన్ గాకు" అని షాపతను నవ్వాడు. "నువ్వూరుకో దేవీ, ఇది మీ ఊరి రేడియో కాదు" అని నువ్వూ నవ్వావు. అప్పుడే ఆ నంబరు రాసుకున్నాను.

మీ అన్నయ్య పోయేముందు రాసిన ఆట ఆ కంప్యూటర్‌లో ఉంది. ఆదివారాలు నువ్వు ఆ ఆట పెడతావు గానీ ఆడవు. మొదట్లో ఆయన పేరు వస్తుంది, అది చూసి ఆపేస్తావు. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉంటాను.

నైట్ డ్యూటీ చేసి పడుకున్నావు. లేపితే మళ్లీ మాటా మాటా పెరుగుతుంది. చెప్పకుండానే బేగంపేట బస్సులో పనికి వెళ్తున్నాను.

దేవి

రిమోటు లేకపోతే టీవీ తీసుకోనన్నాడుగా షాపతను. రిమోటు నా సంచీలో ఉంది, వెతక్కు.