తొట్టి నీళ్లు పులుపెక్కిన సంగతి

2004 జూలై 6, మంగళవారం

నా పేరు రాహేలమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో మా అమ్మకే తెలియాలి. కొల్లేటి గట్టు మీద రాజుగారి చేపల చెరువుకి కాపలా. పాకలో ఉండేది నేనూ, కోడలు సుజాతా. కొడుకు పోయాడు. నాకు అక్షరం రాదు. నేను చెబుతాను, సుజాత రాస్తుంది. అన్నది అన్నట్టే రాయాలి.

నిన్న సిమెంటు తొట్టిలో చేపపిల్లలన్నీ తేలిపోయాయి. తెల్లటి పొట్టలు... తొట్టి నిండా.

రాజుగారి కేకలు గట్టు అవతలికి వినపడ్డాయి. "ఉప్పు కుమ్మరించి చంపేశావు కదే!"

"గుప్పెడు కల్లుప్పు వేశానండి. పిల్లలు లారీలో నలిగొస్తే వెయ్యమంది మీరే కదండీ?"

వినరే! ఆదివారం చర్చి అయ్యాక పెద్దల ముందు తేలుస్తారట. తప్పు నాదైతే పాక ఖాళీ. అప్పటిదాకా ఏ రోజు సంగతి ఆ రోజు ఇక్కడ చెప్పుకుంటాను.

జూలై 7

వాన. అన్నం సహించలేదు. సుజాతా తినలేదు. "నింద నా మీదైతే నువ్వెందుకే పస్తు?" అన్నాను. గిన్నెలు తీసుకుని కడగడానికి వెళ్లిపోయింది.

జూలై 8

తొట్టి నీళ్లు సీసాలో పట్టుకుని ఏలూరు బస్సెక్కాం. చేపల మందుల షాపులో నీళ్లు పరీక్ష చేసే ఆయన నీలం కాగితం ముక్క ఒకటి ముంచాడు. ఎర్రబడింది.

"నీళ్లు పులుపెక్కాయమ్మా."

"ఉప్పు వల్లేనాండీ?" అన్నాను.

"కల్లుప్పు వల్ల కాదు, చూడండి." మంచినీళ్లలో కల్లుప్పు కలిపి కొత్త కాగితం ముంచాడు. నీలం నీలంగానే ఉంది. ఇంకో గ్లాసులో పటిక. కాగితం ఎర్రన! ఆ ఎర్రటిదాన్నే చాకలి సోడా నీళ్లలో ముంచితే మళ్లీ నీలం.

"మూడూ ఉప్పుల జాతేనండి. కల్లుప్పు నీటిని ఎటూ లాగదు. పటిక పులుపు వైపు, సోడా చవుడు వైపు లాగుతాయి. తొట్టిలో ఏ నీరు?"

"చూరు కింద పట్టిన వాన నీరండి."

"అదీ సంగతి. వాన నీటికి పులుపుని తట్టుకునే సత్తువ ఉండదు. కాలవ నీరైతే ఇంతగా తిరిగేది కాదు. పటిక ఎవరో గట్టిగానే వేశారు."

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న గూడెం ఆవిడకి మొత్తం చెప్పాను. "మీరు గట్టివారేనండి" అంది. సుజాత కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

జూలై 9

రాజుగారికి చెప్పాను. కాసేపు మీసం నలిపారు. "అయితే పటిక వేసినవాళ్లే గట్టు దిగాలి. నువ్వు కాకపోతే నువ్వు ఉండు. ఎవరో ఆదివారం చెప్పు."

సాయంత్రం సుజాతని కూర్చోబెట్టాను. వలలు లాగే మనుషుల్లో ఎవరో ఒకరై ఉంటారు, రాయి అన్నాను. కలం ఆగింది. ఆగిందని కూడా రాయి అన్నాను.

"అత్తయ్యా... నేనేనండి. వానకి గట్టు బురద తొట్టిలోకి దిగింది. కొనేవాళ్లొస్తే పిల్లలు కనపడాలి కదా అని... రోజూ బిందెలో తిప్పే పటికే కదా అని... గడ్డ మొత్తం కరిగేదాకా తిప్పేశానండి."

ఇన్నాళ్లూ నా మీద పడ్డ నింద నీ చేత్తోనే రాస్తూ కూర్చున్నావా! నోరు పడిపోయిందా నీకు!

"నన్ను చింతలపూడి మా పుట్టింటికి పంపకండి. మా వదిన..."

తెలుసు. ముద్ద ముద్దకీ దెప్పే మనిషి. పోయినసారి సుజాత అక్కడికి వెళ్లి చిక్కి సగమై వచ్చింది. అయినా ఈ పాక వదిలి ఈ వయసులో నేనెక్కడ పడుకోను?

ఏడుస్తూనే రాస్తోంది. రాయనీ.

జూలై 10, శనివారం

పెద్దలకిచ్చే కాగితం వేరేగా రాయించాను. చివర పటిక వేసినవాళ్ల పేరు దగ్గర "ఏం రాయనండీ?" అంది సుజాత. ఖాళీ వదలమన్నాను.

సాక్షులకి పొరుగు పాక మార్తమ్మనీ, పాస్టరుగారి భార్యనీ, పడవ నడిపే మోషేనీ పిలిచాను. "ఖాళీ మీద సాక్షి ఏంటి పిన్నీ? రేపు నా పేరు రాసుకుంటావా ఏంటి?" అని నవ్వాడు మోషే.

"నేను వేలిముద్ర వెయ్యడం కళ్లారా చూశావా లేదా? దానికే సాక్షివి. పెట్టు సంతకం."

అందరూ వెళ్లాక సుజాత అడిగింది. "రేపు ఎవరి పేరు చెబుతారండి?"

పొయ్యి వెలిగించమన్నాను.

ఆ కాగితంలో ఉన్నది ఇది:

తొట్టిలో కల్లుప్పు వేసింది నేను. నీళ్లు పులుపెక్కింది పటిక వల్ల. పటిక వేసింది ....................

రాహేలమ్మ నిశాని, ఎడమ బొటనవేలు.
సాక్షులు: పడవ మోషే, మార్తమ్మ, పాస్టరుగారి భార్య.
రాసింది: సుజాత.