రాయి ఉడికిన పెళ్లి

9 మే 2005

యూనివర్సిటీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. డెబ్బై రెండు గంటలు ఉడకాల్సిన నా రాయి నలభైకే చల్లారింది. తీసి చూస్తే లోపల నూనె పుట్టింది. నీళ్ల మీదికి మాత్రం ఒక్క చుక్కా రాలేదు.

ఎప్పుడో రాజస్థాన్‌లో ఒక సరస్సు అడుగున పేరుకుని గట్టిపడిన బురద ఇది. భూమి కోట్ల ఏళ్లలో చేసే పని స్టీల్ గొట్టంలో నీళ్లు పోసి మూడు రోజుల్లో చేయించాలి. ఎంత పెట్రోలియం పుడుతుందో, అందులో ఎంత బయటికొస్తుందో లెక్క తేల్చాలి. అదీ నా పీహెచ్‌డీ. ఇంకొక్క రాతి ముక్కే మిగిలింది.

పుట్టిన నూనె బయటికెందుకు రాలేదని గైడ్ మల్లికార్జునయ్య సార్ అడిగారు. తెలియదన్నాను. థీసిస్‌లో అలా రాయకూడదన్నారు. పదిహేడో తేదీకల్లా రిజల్ట్ లేకపోతే ఫెలోషిప్ కట్.

10 మే

వారం దాకా కరెంటు రాదట. ల్యాబ్ అటెండర్ గంగాధరప్ప మేనకోడలి పెళ్లి బుక్కరాయసముద్రంలో. కల్యాణ మండపంలో మూడు రోజులూ జనరేటర్ ఉంటుంది. "ప్రసూనమ్మా, నీ రాయి గూడా ఆడే ఉడకబెట్టుకో. ఎట్లాగూ పెండ్లికి వస్తావు గదా" అన్నాడు.

సార్‌కు చెప్పలేదు.

11 మే, ఉదయం 7

గొట్టాన్ని వేడిచేసే ఓవెన్ ఆటోలో వచ్చింది. వంటశాల పక్క గది. గొట్టం పేలినా ఆగేలా చుట్టూ ఇసుక బస్తాలు. 330 డిగ్రీలు. తలుపుకు తాళం వేశాను.

12 మే

ఆ తాళమే కొంప ముంచింది. గదిలో ఏదో స్పెషల్ ఐటం దాచి తమకు వడ్డించడం లేదని మగపెళ్లివారి పెద్ద జయరాముడు ఆకు ముందు నుంచి లేచాడు. వెనకే అరవైమంది లేచారు. గంగాధరప్ప ముఖంలో నెత్తురు లేదు. పరుగెత్తి తాళం తీశాను. లోపల ఉడుకుతున్నది రాయని చెప్పాను.

జయరాముడు ఇసుక బస్తాల మీదుగా వంగి ఓవెన్‌ని చూశాడు. "ఏమప్పా గంగాధరప్పా, రేపు మాకు రాళ్లు పెడతాండారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆయనే పగలబడి నవ్వాడు. అందరూ మళ్లీ కూర్చున్నారు.

వంటమనిషి మారెక్క మాత్రం నవ్వలేదు. ఏమి కష్టమని అడిగింది. నలభై గంటల రాయి సంగతి చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె వంకాయ కూర కలుపుతూనే అంది: "మసాలా ముద్ద ముందు నూనెంతా అదే తాగుతాది. దాని కడుపు నిండినాక మిగిలిందే పైకి తేల్తాది. నువ్వు కడుపు నిండకముందే దించినావు."

శుభలేఖ వెనక రాసుకున్నాను: పుట్టిన నూనె మైనస్ రాయి తాగింది ఈక్వల్స్ బయటికొచ్చింది.

13 మే

తాళి కట్టారు. జనరేటర్ ఆగలేదు.

14 మే

చల్లారాక గొట్టం విప్పాను. నీళ్ల మీద నల్లగా, మెరుస్తూ నూనె! అరిచాను. మారెక్క తొంగిచూసింది. "ఇంతేనా? దీనికి ఎంత డీజిల్ తగలబెట్టినావు?"

చుక్క పోకుండా సీసాలోకి తీసుకున్నాను.

17 మే

సార్‌కు అంతా చెప్పాను. తిట్టారు. గ్రాఫ్ చూసి తిట్టు మధ్యలో ఆపేశారు. ఈ ఆలోచన ఎవరిదో రిఫరెన్స్ ఇవ్వమన్నారు. "మారెక్క, 2005, పర్సనల్ కమ్యూనికేషన్" అని టైప్ చేశాను. నోటిమాటను థీసిస్‌లో అలాగే చూపిస్తారు. సార్ దాన్ని కొట్టేయలేదు.

8 మార్చి 2006

వైవా. ఈ మారెక్కది ఏ ఇన్‌స్టిట్యూట్ అని ఎగ్జామినర్ అడిగారు. నేను నోరు తెరిచేలోపే సార్ అందుకున్నారు: "బుక్కరాయసముద్రం, సార్. ఫీల్డులో నలభై ఏళ్ల అనుభవం."