తండ్రి గడిలో పోతరాజు

మండల తహసీల్దారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కూతురు దీప కులపత్రంలో తండ్రి పేరుగా రాబోవు పోతరాజును తప్పించి, తల్లి పేరు రాయుట గురించి.

పసుపు మార్కెట్ కూలీ సత్యవ్వ విన్నవించుకొనునది ఏమనగా:

1. నాకు పదకొండేళ్లప్పుడు, ఊరి బాగు కోసమని నన్ను ఎల్లమ్మ గుడి ముందరి పోతరాజుకిచ్చి పెళ్లి చేసి జోగినిని చేసినారు. ఊరి బాగుకు మాదిగవాడ పిల్లే ఎందుకు కావలసివచ్చెనో నాకు తెలియదు. పెద్దల ఇండ్లలో ఆడపిల్లలు లేరేమో.

2. నేను మస్కట్‌లో ఇంటిపనికి పోయినప్పుడు మా అమ్మ లచ్చవ్వ దీపను బడిలో చేర్పించింది. తండ్రి ఎవరని సారు అడిగితే, "మా బిడ్డను పోతరాజుకే ఇచ్చినం సారూ" అన్నది. సారు అదే రాసుకున్నారు. మా అమ్మ అబద్ధమాడలేదు, సారు విన్నదే రాసినారు.

3. ఇప్పుడు దీపకు గురుకులంలో సీటు వచ్చినది. కులపత్రానికి వస్తే తమ గుమస్తా గారు శ్రీ పోతరాజు గారి ఆధార్ కార్డు అడిగినారు, లేనిచో మరణ ధ్రువపత్రం. ఆయన చావలేదని, ఏటా ఊరివారు ఆయనకు యాటపోతును కూడా బలి ఇస్తున్నారని మనవి చేసుకున్నాను. "అయితే తోల్కరా, సంతకం పెడ్తడు" అన్నారు. అయ్యా, ఆయన రాయి. లేపుటకు నలుగురు కావలెను.

4. పెద్దమనిషి నర్సింగం గారిని సాక్ష్యానికి పిలిస్తే, "రాయికి పిల్లలు పుడ్తరానే, పిచ్చిదానా?" అన్నారు. నా పెళ్లిలో తాళి అందించినది వారే. ఆనాడు మొగుడైన రాయి ఈనాడు తండ్రి ఎట్లా కాకపోయెనో తమరే విచారించగలరు.

5. బడిలో పిల్లలు దీపను "దేవుని బిడ్డ" అంటున్నారు. మాట మంచిదే, అనే తీరు వేరు. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టదు.

సోమవారం దాటితే సీటు పోవును. కనుక తండ్రి గడి అడగకుండా నా పేరుతోనే పత్రం ఇప్పించ కోరుతూ, ఈ తల్లి మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సత్యవ్వ (వేలిముద్ర)

తా.క.: సార్, నేను దీపను. అమ్మకు చదువు రాదు, ఆమె చెప్తుంటె నేనే రాసిన. ఐదో నంబరు రాయనన్న, అమ్మ ఊకోలే. మా నాయిన ఎవరో నాకు ఎరుకే సార్. బడికి పోతుంటె తొవ్వల రోజు ఎదురైతడు, నా దిక్కు సూడడు. ఇప్పుడు ఆయనొచ్చి సంతకం పెడ్తనన్నా నాకొద్దు. మా అమ్మ పేరు సత్యవ్వ. తప్పు పోకుండ రాయుండ్రి.