రాజ్యాంగంలో లేని జవాబు

జూలై 7

సుజాత ఫెయిల్. రాజ్యాంగం పేపర్లో, అదీ నేను చెప్పిన పేపర్లో... ముప్పై ఆరు. నలభై రావాల.

మూడేళ్ళూ క్లాసులో ముందు బెంచీ వదల్లేదు ఆ మనిషి. గోరంట్లలో అత్తగారి స్టీలు సామాన్ల అంగడి. తెల్లారే వంట చేసి పెట్టి, బస్సెక్కి అనంతపురం వచ్చేది. ముప్పై తొమ్మిదేళ్ళకు లా చదువు. మిగతావన్నీ పాస్. ఈ ఒక్కటి గట్టెక్కితే నల్లకోటు వేసుకోవచ్చు.

ఫోన్ చేసి ఏడవలేదు. "మేడమ్, యాడ తప్పు రాసినానో చూడాల" — అంతే.

జూలై 15

జవాబు పత్రం నకలు వచ్చింది. స్టాఫ్ రూములో ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూసినాం.

పదిహేను మార్కుల ప్రశ్న. అంతర్జాతీయ ఒప్పందం నుంచి మన దేశం బయటికి రావాలంటే పార్లమెంటు ఆమోదం కావాలా? సుజాతకు మూడు మార్కులు.

ఆమె రాసింది నేను చెప్పిందే, ఒక్క మాట పోకుండా. ఒప్పందాలు చేసుకోవడం, అమలు చేయడం — ఈ రెండూ కేంద్ర జాబితాలో ఉన్నాయి. బయటికి రావడం గురించి రాజ్యాంగంలో ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఆచరణలో ప్రభుత్వమే తేల్చుకుంటుంది. ఆ ఒప్పందం కోసం పార్లమెంటు చట్టం చేసి ఉంటే మాత్రం, ఆ చట్టాన్ని ప్రభుత్వం ఒక ఉత్తరం రాసి రద్దు చేయలేదు. మన సుప్రీంకోర్టు ఈ సంగతి ఇంకా సూటిగా తేల్చలేదు.

పక్కన ఎర్ర సిరా. 'తప్పు. ఆమోదం తప్పనిసరి.'

సుజాత నా ముఖం చూస్తాంది. నేను కాగితం చూస్తున్నా.

జూలై 16

నాయనకు చెప్పినా. బస్సు సీట్లు కుట్టి కుట్టి వేళ్ళు వంకర పోయిన మనిషి. విని —

"చేరేది రాసినోళ్ళు, విడిచేది రాయకపోతే ఎట్లమ్మా?"

"రాయలేదు నాయనా."

"మరి రాయలేదని ఆ పాప రాస్తే తప్పెట్లయితాది?"

నాలుగో తరగతి చదివినాయనకు తెలుస్తాంది. పేపరు దిద్దినోళ్ళకు తెలీలేదు.

జూలై 18

రీవాల్యుయేషన్‌కు సుజాత దరఖాస్తు పెట్టింది. దాంతోపాటు నా ఉత్తరం కూడా పంపాలంటే ప్రిన్సిపాల్ సంతకం కావాల. "ఒక్క పిల్ల కోసం యూనివర్సిటీతో పెట్టుకుంటామా మేడమ్?" పిల్లంట! సంతకం లేదు. నా పేరు మీదే పంపినా.

జూలై 24

తెలిసింది. ప్రశ్నలిచ్చింది, జవాబులు ఇట్లుండాలని రాసిచ్చింది — రంగనాథ్ సార్.

నాకు రాజ్యాంగం నేర్పినాయన. ఎవరో చెప్పింది నమ్మొద్దు, మూలం తెరిచి చదువు అని మా చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పినాయన... సారే ఇట్లా ఎట్లా రాసిచ్చినారు?

జూలై 27

కొత్తచెరువు పోయి వచ్చినా. బస్సు కిటికీలోంచి అంతా ఎర్రనేల. దున్ని పెట్టినారు, వాన లేదు, వేరుశనగ విత్తనం ఇంకా ఇండ్లలోనే.

సార్ బాగా చిక్కినారు. "రా మస్తాన్‌బీ, కూచో." కాఫీ ఆయనే పెట్టినారు. నేను జవాబు పత్రం ముందు పెట్టినా. చదివినారు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చదివినారు.

"ఒప్పందం విడిచేముందు పార్లమెంటును అడగమని బ్రిటన్‌లో కోర్టు ప్రభుత్వానికి చెప్పింది కదా. దక్షిణాఫ్రికాలో కూడా. ప్రజాస్వామ్యంలో అట్లే ఉండాల."

"ఉండాల సార్. నాకూ అదే ఇష్టం. ఉందా?"

సార్ పత్రం నా వైపు జరిపినారు.

"మన దగ్గర ఒప్పందంలో చేరేదానికే ముందుగా పార్లమెంటును అడిగేది లేదు సార్. విడిచేదానికి తప్పనిసరి అని యాడుండాది?"

కాఫీ చల్లారిపోయింది. చివరికి — "నువ్వు చెప్పేది సరే అనుకో..."

అనుకో!

"ఇప్పుడు నేను తప్పు రాసిచ్చినానని ఒప్పుకుంటే ఎన్ని వందల పేపర్లు మళ్ళీ దిద్దాల? ఈ వయసులో నాకెందుకమ్మా ఆ మాట?"

గేటు దాకా వచ్చినారు. అలవాటు కొద్దీ కాళ్ళకు దండం పెట్టబోయి ఆగిపోయినా. ఆయన చూసినారు.

ఆగస్టు 11

నా ఉత్తరానికి జవాబు లేదు.

ఆగస్టు 20

జవాబు లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, "మీరు అభ్యర్థి కాదు కదా మేడమ్." ఇంకో నంబరు ఇచ్చినారు. అది ఎవరూ ఎత్తరు.

ఆగస్టు 29

రీవాల్యుయేషన్ ఫలితం. 'మార్పు లేదు.'

సెప్టెంబరు 2

సుజాత కాలేజీకి వచ్చింది. సప్లిమెంటరీ కట్టిందంట. ఇంట్లో ఇదే ఆఖరు సారి అన్నారంట. "మా ఆయన ఏమీ అనలేదు మేడమ్. మా అత్తే... అంగట్లో గిన్నెలమ్మేదానికి లా ఎందుకు అనింది."

నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

సెప్టెంబరు 16

రేపే పరీక్ష. ఈసారి కూడా పేపరు సార్‌దే అంటున్నారు.

మధ్యాహ్నం సుజాత ఫోన్. "అదే ప్రశ్న వస్తే ఏం రాయాల మేడమ్?"

ఏం చెప్పాలో రెండు వారాల నుంచి అనుకుంటానే ఉన్నా. నోట్లోంచి వచ్చింది వేరే.

"ఆమోదం తప్పనిసరి అని రాసెయ్ సుజాతా. ముందు పాస్ అవ్వు. నిజం కోర్టులో చెప్పుకుందువు."

అటువైపు పుస్తకం మూసిన చప్పుడు. తర్వాత, "సరే మేడమ్."

సార్‌ను అన్నన్ని మాటలు అనుకున్నా ఇన్ని రోజులూ. నేను చేసిందేమి? అన్నం సయించలేదు. ఏమైందమ్మా అని నాయన అడిగితే తలనొప్పి అన్నా.

సెప్టెంబరు 17

ఒంటిగంటకు సుజాతే చేసింది. పరీక్ష హాలు బయట నుంచి, వెనక గోలగా ఉంది.

"వచ్చింది మేడమ్, అదే ప్రశ్న."

"రాసినావా?"

"పోయినసారి ఏం రాసినానో అదే రాసినా. ఇంకో పేజీ ఎక్కువే రాసినా. బ్రిటన్‌ది, దక్షిణాఫ్రికాది కూడా పెట్టి, అది వాళ్ళ రాజ్యాంగం, ఇది మనది అని రాసినా."

ఫెయిలయితే? ఇంట్లో ఆఖరు సారి అన్నారే...

"మీరు చెప్పింది వినలేదని కోపమా మేడమ్?"

ఏది చెప్పింది — క్లాసులో చెప్పిందా, నిన్న ఫోన్‌లో చెప్పిందా?

అడగలేదు. ఫలితాలకు ఇంకా రెండు నెలలు.