మోకాళ్ళ మీద నేర్పిన మర్యాద

కాఫీ తోట, మార్చి 9

ప్రియమైన చెల్లీ నికొలాసా,

నాన్న మూడు రోజులుగా మంచం దిగడం లేదు. మన తోట దొర, ఆ ఎవరిస్తో, మన వాకిట్లోకి వచ్చాడు. నాన్నకొచ్చిన స్పానిష్ ఎంతో నీకు తెలుసుగా, మర్యాద చేద్దామనే "కూర్చో దొరా" అన్నాడు. "కూర్చోండి" అనాలని ఆయనకెవరు నేర్పారు? కాఫీ గింజలు ఎండబోసే కళ్ళంలో, అందరి ముందూ నాన్నను మోకాళ్ళ మీద నిలబెట్టి ఆ మాట వందసార్లు అనిపించాడు.

నిన్న మన మొక్కజొన్న చేనుకు కంచె వేయించాడు. నాన్నే తనకు రాసిచ్చాడంటున్నాడు. నువ్వు వకీలువి కదా, చూడు.

నీ అక్క,
యూలాలియా

కోబాన్ పట్నం, మార్చి 21

అక్కా,

ఆ కాగితం నకలు తెచ్చాను. "తమరు నా చేనును స్వీకరింప దయచూతురు గాక, నా వారసులెవ్వరూ అడ్డు చెప్పకుందురు గాక" అని ఉంది. నాన్న స్వయంగా చెప్పగా రాశారట, మార్చి రెండున. నన్‌ల బడిలో ఆరేళ్ళు చదివిన నేనే తడబడే స్పానిష్ క్రియలు, ఒక్కటీ తప్పులేదు. కింద సెబాస్తియాన్ అని నాన్న పేరు, వేలిముద్ర. కూలి పట్టీ అని వేయించుకుని ఉంటారు.

తోటవాళ్ళు భయంతో సాక్ష్యానికి రారు. నిజం దొర నోటితోనే చెప్పిస్తాను.

నీ
నికొలాస

తోట, ఏప్రిల్ 2

చెల్లీ,

వదిలెయ్యమంటున్నాడు నాన్న. నేను మాత్రం వదలొద్దంటాను. ఆయన మోకాళ్ళకు పసరు రాస్తున్నది నేను.

అక్క

కోబాన్, మే 20

ప్రియమైన అక్కా,

దొర బోనెక్కాడు. "ఆసీనులు కండి. తమరి కూలీలకు మాటా మర్యాదా ఎలా అబ్బుతాయో కోర్టువారికి సెలవియ్యండి" అన్నాను, వినయంగా. పొంగిపోయాడు.

"వీళ్ళకా? ఆ సెబాస్తియాన్‌కు కూర్చోండి అనడమే రాదు. మార్చి ఆరున మోకాళ్ళేయించి నేనే నేర్పాల్సొచ్చింది" అన్నాడు నవ్వుతూ.

అప్పుడు కాగితం పైకి చదివాను. రెండో తారీఖున ఈ మాటలన్నీ తానే చెప్పి రాయించినవాడికి ఆరున ఆ ఒక్క మాట ఎందుకు రాలేదో తెలియజెయ్యండి అన్నాను. దొర వకీలు తల దించుకున్నాడు. జడ్జి కాగితం కొట్టేశాడు. చేను మనదే.

బయట మెట్ల మీద దొర నన్నాపాడు. దొంగ కాగితం మీద వేరే కేసు వేస్తే జైలు తప్పదని తెలిసింది కాబోలు, వయసైపోయిందని, కొడుకుల ముందు పరువు పోతుందని చెప్పుకున్నాడు. జాలి కలుగుతుందేమోనని కాసేపు నిలబడి చూసుకున్నాను.

కలగలేదక్కా. సోమవారం కేసు వేస్తున్నాను.

నాన్నను, నిన్నూ తలచుకుంటూ,
నికొలాస