రేగులగుంట హాల్టులో రైలెక్కని ఎనభై ఆరుగురి విషయమై

రేగులగుంట,
మే 24.

రైల్వే వాణిజ్య విభాగపు అధికారి గారి సముఖమునకు,

విషయం: మా హాల్టు రద్దీపై తమ ఇన్‌స్పెక్టరు గారు సమర్పించిన రెండు నివేదికలూ తప్పుల తడకలని నిరూపించుట గురించి.

అయ్యా, (తమరు అమ్మగారైతే, అమ్మా,)

1. టికెట్ల అమ్మకం చాలనందున జూన్ ఒకటి నుంచి ఉదయం ఆరు నలభై బెజవాడ ప్యాసింజరు మా హాల్టులో ఆగదని తమ కార్యాలయం నోటీసు అంటించినది. అంటించినది ఎక్కడ? టికెట్టు గది తలుపు మీద. కమీషనుపై టికెట్లమ్మే గ్లోరీ గారు తలుపు తీయగానే ఆ నోటీసు గోడవైపు తిరిగిపోవును. గది మూసి ఉన్నప్పుడు మాత్రమే చదవగల నోటీసును చదువుటకు మాకు నాలుగు రోజులు పట్టినది.

2. ఈ రైలు రోజూ ఎక్కేది ఒక్కరే అన్నది నిజం. ఆమె శ్రావణి, మామిడికాయల గ్రేడింగు పనిచేసే మంగమ్మ గారి కూతురు. బెజవాడలో నర్సింగు రెండో ఏడాది. ఆమెకు నెలవారీ పాసు గలదు. పాసు ఉన్న మనిషి రోజూ టికెట్టు కొనదు, కొనదు గనుక తమ లెక్కలోకి రాదు. అంటే, ఏడాదిన్నరగా ప్రతిరోజూ ప్రయాణిస్తున్న మనిషి ప్రయాణికురాలు కాదు! మెయిన్ రోడ్డు మీద మొదటి బస్సు ఎనిమిదిన్నరకు, ఆమె క్లాసు ఎనిమిదింటికి. రైలు ఆగకపోతే చదువూ ఆగుతుందని తండ్రి సాంబయ్య గారు ఇప్పటికే తేల్చేశారు. కాయలు కోసే చిక్కం ఒకటి, పిల్ల ఎత్తుకు సరిపోయే గడకు కట్టి, వసారాలో నిలబెట్టారు కూడా.

3. ఒక్కరి కోసం రైలెందుకని తమరు అనవచ్చును. అనండి. మా ఊళ్లో గుడి అరుగు కొందరిది, చర్చి వరండా కొందరిది, పాలకేంద్రం పిట్టగోడ మరికొందరిది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో పుట్టకముందే నిర్ణయమైపోయి ఉన్నది. ఎవరి పక్కన ఎవరైనా కూర్చోగల జాగా తమ ప్లాట్‌ఫారం మీది సిమెంటు బెంచీ ఒక్కటే. డ్వాక్రా మీటింగులు, క్రిస్మస్ పాటల ప్రాక్టీసు, తోట కౌళ్ల బేరాలు, నా ఉపన్యాసాలు అన్నీ దాని మీదనే. సమానత్వం గురించి పాతికేళ్లు మాట్లాడి నేను సాధించలేనిది ఆ బెంచీ నోరెత్తకుండా సాధించినది. ఇందుకు నేను సంతోషించానని తమరు భ్రమపడవద్దు.

4. మే 9న ఇన్‌స్పెక్టరు గారు ప్రయాణికుల లెక్కకు వస్తున్నారని తెలిసి, ఆ బెంచీ ఎక్కి నేను పిలుపునిచ్చినాను: “ప్రతి ఒక్కరూ టికెట్టు కొనాలి!” ఎనభై ఆరుగురు కొన్నారు. సాంబయ్య గారు కూడా. రైలు వచ్చినది. ఆగినది. ఎవరూ కదలలేదు. రసాల కోతలు ముమ్మరంగా ఉన్న రోజులవి.

“ఇదేంటండీ, ఎక్కరా?” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

“కొనమన్నారు, కొన్నాం. ఎక్కమని ఎవరన్నారండీ?” అన్నారు సాంబయ్య గారు.

“మాకు తోటలో పనుంది బాబూ. రైలును మీరు పంపేయండి,” అన్నారు మంగమ్మ గారు.

ఎక్కినది శ్రావణి ఒక్కతే. ఆమెది పాసు. నివేదిక: “టికెట్లు ఎనభై ఆరు. టికెట్టుతో ఎక్కినవారు సున్న. ఈ ఊరికి రైలు అవసరం కానరాదు.”

5. రెండో లెక్క మే 16న. పిలుపును సవరించినాను: “కొనాలి, ఎక్కాలి!” ఎనభై ఆరుగురం ఎక్కినాము. ఎక్కేసరికి శ్రావణికి తలుపు దగ్గర కాలు పెట్టే చోటు లేకపోయినది. “కొంచెం జరగండి బాబాయ్, నేను నిజంగానే వెళ్లాలి!” అని ఆ పిల్ల మొత్తుకున్నది. ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగా ఉన్నది. కానీ అది అర్జీలోని అంశం కాదు.

రైలు కదిలినాక కాయల ప్యాకింగు చేసే కృపావతి గారు అడిగారు. “మాస్టారూ, ఎక్కడ దిగాలండీ?”

“తర్వాతి స్టేషన్లో.”

“అక్కడ మనకేం పని?”

“ఏమీ లేదు.”

“పనున్న చోటు నుంచి పనిలేని చోటికి టికెట్టు కొనిపించి మరీ తెచ్చారా! మీ ఉద్యమం మండిపోనూ.”

తిరుగు బండి సాయంత్రానికి గాని లేదు. ఇక్కడ మా హాల్టులో ఇన్‌స్పెక్టరు గారికి లెక్క కాగితంపై ఇద్దరు స్థానికుల సంతకాలు కావలసి వచ్చినవి. పెద్దవాళ్లంతా రైల్లో ఉంటిమి. నివేదిక: “ఎనభై ఆరుగురు ఎక్కినారు. మధ్యాహ్నం వరకు ఒక్కరూ తిరిగి రాలేదు. ఊరు ఖాళీ అయినట్లున్నది. ఖాళీ ఊరికి హాల్టు అనవసరం.”

6. మొదటి నివేదిక ప్రకారం ఇక్కడ జనం ఉన్నారు, ప్రయాణికులు లేరు. రెండో దాని ప్రకారం ప్రయాణికులు ఉన్నారు, ఊరు లేదు. రెండింటి కిందా సంతకం ఒక్కటే. మనుషులను లెక్కపెట్టడానికి వచ్చి కాగితాలను లెక్కపెట్టుకుపోయే ఈ పద్ధతిని నేను నిర్ద్వంద్వంగా, బహిరంగంగా, అవసరమైతే బెంచీ ఎక్కి ఖండిస్తున్నాను.

తమరు ముందు చిత్తగించి, కోపగించుకొనుట తరువాత పెట్టుకొనవలెను.

ఇట్లు,
రైలు ఆగినంత కాలం తమ విధేయుడు,
ప్రభాకరరావు, ట్యూషన్ మాస్టారు,
రేగులగుంట ప్రయాణికుల సంఘం అధ్యక్షుడు (కార్యదర్శి కూడా).

తాజా కలం: కవరు అంటించే ముందు ఈ అర్జీని ప్లాట్‌ఫారం మీద అందరికీ చదివి వినిపించినాను. గ్లోరీ గారు అంతా విని, “బాగుందండి మాస్టారూ, ఎవర్నీ వదల్లేదు. రైలు ఆపమని ఎక్కడ అడిగారండీ?” అన్నారు. మళ్లీ మొదటి నుంచి చదివినాను. ఎక్కడా లేదు. మంగమ్మ గారు కాగితం తిప్పి చూసి, “రాయండయ్యా, అడుగున ఇంకా చోటుందిగా,” అన్నారు.

రైలు ఆపండి. ఒక్క నిమిషం చాలును. పిల్ల తొందరగానే ఎక్కుతుంది. మేము అడ్డం రాము.