పాచిక దాచిన సంగతి

చెల్లీ,

మీ బావగారి దగ్గు తగ్గింది. పిల్లలతో అరిచి అరిచి బొంగురుపోయిన నా గొంతు తప్ప ఇక్కడ అందరం కులాసా. నీ కాలి వాపు తగ్గిందా?

కిందటి ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. కుట్టుమిషను అమ్మలేదు. ఇక పక్క తరగతికి వచ్చిన కొత్త టీచరంటావా, మంచిదే. ఆ మంచితనమే నాకు గిట్టలేదు.

చేరిన వారానికే ఆవిడ చాప పరిచి, పాములూ నిచ్చెనల అట్ట పెట్టి, నాలుగేళ్ల పిల్లలకు అంకెలు నేర్పడం మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లుగా నేను పలకల మీద దిద్దిస్తున్నవే. నా పిల్లలు కిటికీలోంచి మెడలు సాచి అటే చూస్తుంటే కడుపు మండేది. "ఆడుకుంటే చదువొస్తుందా?" అన్నాను ఆయాతో. "వస్తోందిగా టీచరమ్మా," అంది ఆ మహాతల్లి.

నా తరగతిలో ఒక పిల్ల ఉంది. పిచ్చుక అని పిలుస్తాను. చేరి మూడు నెలలైనా నోరు విప్పలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎంత బతిమాలినా ఊహూఁ. కిందటి వారం రెండు తరగతులనూ కలిపి కూర్చోబెడితే, పాచిక వేసి, కాయ జరుపుతూ "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని పైకి లెక్కపెట్టింది. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. లోపల మాత్రం, నేను దుక్కి దున్నితే ఆవిడ కోత కోసుకుపోయినట్టనిపించింది.

మీ బావగారికి కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం ఆవిడ డబ్బాలోంచి పాచిక తీసి నా సంచిలో వేసుకున్నాను.

మర్నాడు మళ్లీ రెండు తరగతులూ కలిసి కూర్చున్నప్పుడు పిచ్చుక కాయను గుప్పిట్లో పట్టుకుని ఖాళీ డబ్బా వంక చూస్తూ ఉండిపోయింది. కొత్త టీచరు చీటీల మీద అంకెలు రాసి ఇస్తే ముట్టుకోలేదు. మళ్లీ నోటికి తాళం. ఆ పసిదాని నోరు నేనే నొక్కినట్టయింది.

మధ్యాహ్నం పాచిక తీసుకెళ్లి ఆవిడ చేతికివ్వబోయాను. "నేనే తీశాను. ఓర్వలేక."

ఆవిడ అందుకోలేదు. "పిల్లకి మీరే ఇవ్వండి. నా కోపం తగ్గాక మాట్లాడతాను," అంది.

వెళ్లి పిచ్చుక ఎదురుగా చాప మీద కూలబడ్డాను. అది వేసింది, జరిపింది. నా వంతు వచ్చేసరికి నా కాయ పెద్ద పాము నోట్లో పడింది. అట్ట వంక చూస్తూ కూర్చుంటే, అది నా మోచెయ్యి తట్టింది.

"ఏడవకు టీచర్. మళ్లీ ఎక్కుతావులే."

నాతో అది మాట్లాడిన మొదటి మాట.

కొత్త టీచరు ఇంకా ముభావంగానే ఉంది. నా అసూయ పోయిందని అబద్ధమాడను. ఆ గదిలో నవ్వులు వినిపిస్తే ఇప్పటికీ చివుక్కుమంటుంది. కాకపోతే ఇప్పుడు లేచి, వెళ్లి ఆ చాప మీదే కూర్చుంటున్నాను.

ఇట్లు,
నీ దగ్గర ఏదీ దాచలేని
అక్క